రోగం ఒకరిది, చాకిరీ ఎవరిది? జపాన్ ఆరోగ్యంపై సామాజిక పరిశోధనల సమీక్ష

మన పుస్తక ప్రదర్శనల్లో ఈమధ్య తరచుగా కనిపించే పేరు ‘ఇకిగాయ్’. ఒకినావా దీవిలో ఒగిమి అనే పల్లె, అక్కడ నూరేళ్లు దాటిన ముసలివాళ్లు, వాళ్ల కూరగాయల మళ్లు, పొద్దున్నే లేవడానికి వాళ్లకున్న కారణాలు. జపాన్ ఆరోగ్యమంటే ఇదేనని అనుకునే తెలుగు పాఠకులు చాలామంది ఉన్నారు. అయితే ఇదే విషయం మీద జపాన్‌లో లోతైన పుస్తకం 1966లోనే వచ్చింది. రాసినవారు కమియా మియెకో అనే మానసిక వైద్యురాలు. ఆమె ఆ ఆలోచనకు సామగ్రి సేకరించింది దీర్ఘాయుష్మంతుల మధ్య కాదు. ఒకయామా తీరంలోని నగషిమా ద్వీపంలో, కుష్ఠురోగుల కోసం ప్రభుత్వం నడిపిన ఐసెయెన్ ఆశ్రమంలో. ఇల్లు, పేరు, పెళ్లాం, పిల్లలు అన్నీ పోగొట్టుకున్నవాళ్లు దేన్ని పట్టుకుని బతుకుతున్నారన్నది ఆమె ప్రశ్న. రోగం ముదరని వాళ్లలో కూడా బతుకు వృథా అన్న భావన బలంగా ఉందని, అదే సమయంలో చూపు పోయి, వేళ్లు పోయి కూడా కొందరు నిండుగా బతుకుతున్నారని ఆమె గమనించారు.

ఆ ద్వీపానికీ ఒడ్డుకూ మధ్య నీళ్లు దాదాపు 30 మీటర్లే. వంతెన మాత్రం 1988లో వచ్చింది. కుష్ఠురోగులను వేరుచేసే చట్టం 1907లో మొదలై, 1931లో బిగిసి, 1953లో మళ్లీ రూపు దిద్దుకుని 1996 దాకా బతికింది. 1940లలోనే జబ్బును నయంచేసే మందు వచ్చింది. 1953 చట్టాన్ని రోగులే నిరసనలతో అడ్డుకోబోయారు. ఐనా అది చట్టమైంది. చివరకు 2001 మేలో కుమమోతో జిల్లా కోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది, ప్రధాని కోయిజుమి అప్పీలుకు వెళ్లలేదు. అప్పటికి ఆశ్రమవాసుల్లో ఎక్కువమంది ముసలివాళ్లైపోయారు, తిరిగివెళ్లడానికి ఇల్లు లేదు. కమియా రోగుల మనసుల్లోకి చూశారు గానీ వాళ్ల చుట్టూ ఉన్న గోడను గట్టిగా ప్రశ్నించలేదని తర్వాతి తరం విమర్శించింది. ఆమె మీద ఎంత గౌరవమున్నా ఆ విమర్శ న్యాయమైనదే.

జపాన్ ఆరోగ్యం మీద యాభై ఏళ్లుగా సాగిన సామాజిక పరిశోధనను వరుసగా చదివితే ఈ తగువే రూపాలు మార్చుకుంటూ ఎదురవుతుంది. ఒక వర్గం జపానీయుల మనసునూ సంస్కృతినీ చూసి జబ్బును వివరిస్తుంది. రెండోది చట్టాన్నీ, డబ్బునూ, ఇంట్లో చాకిరీ చేసే మనిషినీ చూసి వివరిస్తుంది. నా అభిప్రాయం దాచుకోను. ‘వాళ్ల సంస్కృతి అంతే’ అన్న జవాబు దాదాపు ప్రతిచోటా ఒక తరం తిరగకుండానే వీగిపోయింది. నిలబడిన పరిశోధన మాత్రం రోగం ఒకరికి వస్తే దాని బరువు ఎవరి మీద పడుతోందని అడిగినదే.

సంస్కృతి వైపునుంచి వచ్చిన మంచి పుస్తకంతోనే మొదలుపెడతాను. కోబెలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానవశాస్త్రవేత్త ఎమికో ఒనుకి-టియెర్నీ ముందు సఖాలిన్ ఐను ప్రజల వైద్యం మీద పనిచేసి, 1984లో సొంత సమాజం మీద పుస్తకం తెచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం, బయటినుంచి రాగానే చేతులు కడిగి పుక్కిలించడం క్రిముల గురించి బడిలో నేర్పిన అలవాట్లలా కనిపిస్తాయి. వాటి అడుగున లోపల శుభ్రం, బయట మైల అన్న పాత విభజనే ఉందని ఆమె చూపించారు. మడి, మైల తెలిసిన మన పాఠకులకు ఈ భాగం చప్పున అర్థమవుతుంది. ఆసుపత్రి మీద ఆమె అధ్యాయం ఇంకా బాగుంటుంది. రోగి తన ఇంటి బట్టల్లోనే ఉంటాడు, బంధుమిత్రులు కానుకలతో పరామర్శకు వస్తారు, ఇంటినుంచి ఒకరు తోడుగా మంచం పక్కనే పడుకుంటారు. అయితే ఆ తోడు పడుకునేది ఎవరు? తల్లో, భార్యో, కోడలో. పుస్తకంలో ఈ సంగతి ఉంది, కానీ ప్రశ్నగా లేదు. ఆ తోడు పద్ధతిని 1990లలో ప్రభుత్వం రద్దు చేసి నర్సుల బాధ్యతగా మార్చింది. సంస్కృతి అనుకున్నదాంట్లో ఎంతో భాగం నర్సుల కొరతేనని అప్పుడు తేలింది.

కేన్సర్ సంగతి దీనికి గట్టి ఉదాహరణ. 1982లో సుసాన్ లాంగ్, బ్రూస్ లాంగ్ ఒక వ్యాసం రాశారు. జపాన్ డాక్టర్లు కేన్సర్ రోగికి అల్సర్ అని చెబుతారనీ, నిజం కుటుంబానికి మాత్రమే చెబుతారనీ అందులో వివరించారు. రోగి ఆశ కోల్పోకూడదన్నది కారణం. రోగికి అనుమానం ఉంటుంది, ఇంట్లోవాళ్లకు ఆ అనుమానం తెలుసు, ఎవరూ నోరు విప్పరు. చక్రవర్తి హిరోహితోకు 1987లో ఆపరేషన్ జరిగినప్పుడు క్లోమం వాపు అని ప్రకటించారు. 1989 జనవరి 7న ఆయన మరణించాకే కేన్సర్ అని అధికారికంగా చెప్పారు. దీన్ని చూసి ఎందరో పరిశోధకులు జపాన్‌లో వ్యక్తి కంటే కుటుంబమే ప్రమాణమనీ, మౌనమే అక్కడ ప్రేమ అనీ సిద్ధాంతాలు కట్టారు.

ఆ ప్రేమకు చెల్లించిన మూల్యం ఒక కోర్టు కేసులో కనిపిస్తుంది. 1983లో నగోయాలో ఒక స్త్రీకి పిత్తాశయంలో కేన్సర్ ఉందని డాక్టరు అనుమానించాడు. ఆమెతో మాత్రం రాళ్లు బాగా ముదిరాయి, ఆపరేషన్ చేయాలి అన్నాడు. రాళ్లే కదా అని ఆమె ముందే అనుకున్న విదేశీయాత్రకు వెళ్లివచ్చింది, ఆసుపత్రిలో చేరడం మానుకుంది. ఆ ఏడాది చివర్లో చనిపోయింది. కుటుంబం వేసిన దావాను 1995లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అప్పటి వైద్య ఆచారం ప్రకారం డాక్టరు తప్పులేదంది. ఏడేళ్ల తర్వాత, 2002లో అదే కోర్టు ఇంకో కేసులో, రోగికి చెప్పకపోతే కనీసం కుటుంబానికైనా చెప్పాలా అని ఆలోచించడం డాక్టరు విధి అని తేల్చింది. ఈ రెండు తీర్పుల మధ్య జపానీయుల మనస్తత్వం మారిపోయిందనుకోవాలా?

మారింది వేరే. నొప్పి తగ్గించే వైద్యం ఎదిగింది. హమమత్సులోని సెయిరెయి మికతహర ఆసుపత్రిలో 1981లో దేశంలో తొలి హాస్పిస్ మొదలైంది. 1990లో చివరిదశ సేవల వార్డులకు బీమా ఫీజు పట్టికలో చోటు దొరికింది. అలాంటి వార్డులో చేరాలంటే తన జబ్బేమిటో రోగికి తెలియాలి. రోగికి వివరించాలన్న నియమం 1997లో వైద్య చట్టంలో చేరింది. 2006 మేలో యమమోతో తకషి అనే ఎగువసభ సభ్యుడు తనకు కేన్సర్ ఉందని సభలోనే చెప్పి, కేన్సర్ చట్టం తేవాలని కోరాడు. నెల తిరక్కుండా చట్టం ఆమోదం పొందింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు జపాన్‌లో కేన్సర్ సంగతి రోగికి చెప్పడమే మామూలు. సుసాన్ లాంగ్ 2005లో చివరి రోజుల మీద రాసిన పుస్తకంలో చక్కని విషయం ఉంది. నిజం చెప్పడం మొదలయ్యాక కుటుంబాల పాత్ర తగ్గలేదు, పైగా ఎన్నో నిర్ణయాలు నెత్తిన పడి వాళ్లు నలిగిపోతున్నారు. మౌనం పోయింది, బరువు పోలేదు.

బ్రెయిన్ డెత్ వివాదంలోనూ ఇదే జరిగింది. అవయవమార్పిడిని జపానీయులు ఒప్పుకోకపోవడానికి బౌద్ధం, షింతో, పితృదేవతల మీద నమ్మకం కారణమని బయటివాళ్లు చాలాకాలం రాశారు. మానవశాస్త్రవేత్త మార్గరెట్ లాక్ 2002లో తెచ్చిన పుస్తకం ఈ వాదాన్ని జాగ్రత్తగా విప్పింది. కథ మొదలైంది గుడిలో కాదు, సప్పొరో వైద్యకళాశాలలో. 1968 ఆగస్టులో సర్జన్ వాదా జురో దేశంలో తొలి గుండెమార్పిడి చేశారు. గుండె అందుకున్న 18 ఏళ్ల యువకుడు 83 రోజులు బతికాడు. తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. గుండె ఇచ్చిన మనిషి నిజంగా చనిపోయాడా, ఆ యువకుడికి మార్పిడి అంత అవసరమా? హత్యకేసు పెట్టారు, 1970లో ఆధారాలు చాలవని వదిలేశారు. డాక్టర్లు ఒకరినొకరు కాపాడుకున్నారన్న భావన జనంలో స్థిరపడిపోయింది. 1997లో వచ్చిన చట్టం, మనిషి బతికుండగా రాసి ఇచ్చి, కుటుంబమూ ఒప్పుకుంటేనే బ్రెయిన్ డెత్‌ను మరణంగా లెక్కించింది. ఆ చట్టం కింద తొలి దానం 1999 ఫిబ్రవరిలో జరిగింది. 2010 నుంచి కుటుంబం అంగీకరిస్తే చాలు. మతం పాత్ర లేదని లాక్ అనలేదు. డాక్టరు మీద నమ్మకం చెదిరినచోట మతం వాదనగా పైకి వస్తుందని ఆమె పరిశీలనల్లో తేలుతుంది.

లాక్ అంతకుముందు రాసిన 1993 నాటి పుస్తకాన్ని నేను ఈ మొత్తం సాహిత్యంలో ముందు వరుసలో పెడతాను. ముట్లుడిగే వయసులో ఒళ్లంతా సెగలు రావడం ప్రపంచంలో ప్రతి ఆడదానికీ ఉండే లక్షణమని పాశ్చాత్య వైద్యం అనుకునేది. లాక్ 45 నుంచి 55 ఏళ్ల జపాన్ స్త్రీలను సర్వే చేశారు. గత రెండు వారాల్లో సెగలు వచ్చాయన్నవాళ్లు అక్కడ దాదాపు 10 శాతం. ఇదే ప్రశ్నకు కెనడాలోని మానిటోబాలో 31 శాతం, అమెరికాలోని మసాచుసెట్స్‌లో దాదాపు 35 శాతం అవునన్నారు. జపాన్ స్త్రీలు ఎక్కువగా చెప్పింది మెడా భుజాలూ పట్టేయడం, తలనొప్పి. దీనికి లాక్ సంస్కృతి అని ముద్రవేసి వదిలేయలేదు. తిండి, పని, వంశం, జీవితం కలిసి ఒక్కోచోట శరీరమే కొంత వేరుగా రూపొందుతుందని వాదించారు. ఈ ఆలోచన తర్వాత ప్రపంచమంతటా వైద్య మానవశాస్త్రాన్ని మార్చింది. నాకు ఇంకా ఎక్కువ పట్టినది ఆ స్త్రీల మాటలు. ఈ బాధలన్నీ తీరిక ఎక్కువైన పట్టణపు గృహిణుల సోకు అని ఆనాటి పత్రికలు, డాక్టర్లు రాసేవారు. లాక్ కలిసిన స్త్రీలేమో ఆ వయసులో మంచాన పడ్డ అత్తగారికో మామగారికో సేవచేస్తూ నడుములు విరగ్గొట్టుకుంటున్నారు.

ఇక డబ్బు సంగతికొస్తాను. జపాన్ ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు తోఫు, చేపల గురించి చెప్పినంత ఇష్టంగా ఫీజు పట్టిక గురించి చెప్పరు. చెప్పాలి. 1922 చట్టం కార్మికులకు బీమా తెచ్చింది, 1938 చట్టం పల్లెలకు దారి తీసింది, 1961 నాటికి దేశంలో అందరూ ఏదో ఒక బీమాలో చేరారు. పరిశోధకులు క్యాంప్‌బెల్, ఇకెగామి కలిసి 1998లో రాసిన పుస్తకం దీని అసలు యంత్రాన్ని విప్పి చూపించింది. హొక్కయిదోలో మంచుపల్లె అయినా టోక్యో నడిబొడ్డయినా, పెద్ద ప్రొఫెసరైనా నిన్న చేరిన డాక్టరైనా, ఒక పరీక్షకో కుట్టుకో ధర ఒకటే. ఆ ధరలను రెండేళ్లకోసారి బేరమాడి సవరిస్తారు. లాభాల కోసం ఆసుపత్రి నడపడం కుదరదు. మామూలు వయసు రోగి ఖర్చులో 30 శాతం తాను కడతాడు, దానికీ నెలవారీ పరిమితి ఉంది.

ఈ పట్టికే డాక్టర్ల నడతనూ తీర్చిదిద్దింది. మాట్లాడినందుకు తక్కువ, మందు రాసినందుకు, పరీక్ష చేసినందుకు ఎక్కువ. కాబట్టి మూడు గంటలు కూర్చోబెట్టి మూడు నిమిషాలు చూడటం అక్కడ సామెత అయింది. సగటు మనిషి ఏడాదికి పన్నెండుసార్ల వరకూ డాక్టరు దగ్గరికి వెళతాడు. జనాభా లెక్కన సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలు ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేనన్ని ఉన్నాయి. జపానీయులు జబ్బంటే భయస్తులని దీన్ని వివరించిన వ్యాసాలు నేను చూశాను. పట్టిక ఒకసారి చదివితే ఆ వివరణ అక్కర్లేదు.

అందరికీ బీమా పైనుంచి దిగిన వరం కాదన్నదీ మరవకూడదు. ఇవతె జిల్లాలో సవౌచి అనే పల్లె ఉండేది. ఏడాదిలో సగం మంచుకింద, దేశంలో శిశుమరణాలు అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటి. 1957లో సర్పంచి వంటి పదవికి వచ్చిన ఫుకజావా మసావో ముందు మంచు తవ్వే యంత్రం కొన్నాడు, దారి లేకపోతే డాక్టరున్నా లేనట్టే కనుక. ఊరి ఆరోగ్య కార్యకర్తలను గడపగడపకూ పంపాడు. 1960లో వృద్ధులకు, మరుసటి ఏడాది ఏడాదిలోపు పసివాళ్లకు వైద్యం ఉచితం చేశాడు. అది బీమా చట్టానికి విరుద్ధమని పైఅధికారులన్నారు. బతికే హక్కు రాజ్యాంగంలోనే ఉంది కదా అని ఆయన నిలబడ్డాడు. 1962లో సవౌచిలో పుట్టిన ఒక్క బిడ్డా చనిపోలేదు. దేశంలో ఏ ఊరూ అంతకుముందు ఆ మాట చెప్పుకోలేదు. 1973లో దేశమంతటా వృద్ధులకు వైద్యం ఉచితమైంది. ఆ దారి వేసింది ఈ పేదపల్లె.

నగానోలో సాకు అనే చోట వకత్సుకి తోషికజు చేసిన పని దీనికి తోబుట్టువు. కార్మికుల ప్రమాదాల మీద పరిశోధించినందుకు యుద్ధకాలంలో ఏడాదిపాటు జైల్లో ఉండి, 1945 మార్చిలో ఆ చిన్న ఆసుపత్రికి సర్జన్‌గా వచ్చారు. రైతులు జబ్బు ముదిరాకే ఎందుకు వస్తున్నారని ఆయన వెతికారు. కొందరికి జబ్బుందని తెలియదు, మిగతావాళ్లు తెలిసీ ఓర్చుకుంటున్నారు. డబ్బు లేక, పొలం వదలలేక, అత్తగారికి చెప్పలేక. కాబట్టి ఆసుపత్రి సిబ్బందితో నాటకాల బృందం కట్టి ఊళ్లు తిరిగారు. ప్రదర్శన తర్వాత వైద్యపరీక్షలు. 1959లో యచిహొ పల్లెలో ఊరందరికీ ఏటా పరీక్షలు మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ ఆరోగ్య పుస్తకం ఇచ్చారు. 1976లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పక్షవాతానికి పేరుపడిన నగానో, ఊరగాయల్లో, మిసో పులుసులో ఉప్పు తగ్గించుకుంటూ 1990 నాటికి పురుషుల ఆయుర్దాయంలో దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. ఇంటింటికీ తిరిగి పులుసులో ఉప్పు కొలిచిన ఆడవాళ్ల శ్రమ అందులో ఉంది.

ఇదే లెక్క ఒకినావాకు వేస్తే ఏం తేలుతుంది? 2000 సంవత్సరపు లెక్కల్లో అక్కడి పురుషులు జిల్లాల వరుసలో 26వ స్థానానికి జారిపోయారు. దేశం ఉలిక్కిపడింది. అమెరికా స్థావరాల నీడలో పెరిగిన తరం కార్లలో తిరిగింది, హాంబర్గర్లు తింది, తండ్రుల కంటే ముందే పోతోంది. దీవి అదే, వంశం అదే. మార్మాట్, సైమ్ అనే పరిశోధకులు 1976లో కాలిఫోర్నియాలోని జపాన్ సంతతి పురుషులు 3,800 మందిని పరిశీలించినప్పుడు, పాత సామాజిక బంధాల్లో పెరిగినవాళ్లకు గుండెజబ్బు జపాన్‌లో అంత తక్కువగానూ, అమెరికా తీరుకు పూర్తిగా మారినవాళ్లకు మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువగానూ కనిపించింది. తిండి, పొగ, బీపీ తేడాలు లెక్కలోంచి తీసేసినా ఆ వ్యత్యాసం పోలేదు. కాబట్టి సంస్కృతికి బలం లేదని నేననను. అది రక్తంలో ఉండదు, మనుషుల మధ్య రోజూ నిలబెట్టుకోవాల్సిన ఏర్పాటుగా ఉంటుంది, ఏర్పాటు చెడితే అదీ చెడుతుంది.

1973 నాటి ఉచితవైద్యం ఒక చిక్కు తెచ్చింది. ఇంట్లో చూసుకునే దిక్కులేని వృద్ధులు జబ్బు లేకపోయినా నెలల తరబడి ఆసుపత్రి మంచాల మీదే ఉండిపోయారు. 1983లో ఉచితం ముగిసింది. సమస్య ముగియలేదు, ఎందుకంటే అది ఇంటిలోపలిది. 1972లో అరియోషి సవాకో రాసిన నవలలో మతిమరుపు ముదిరిన మామగారిని ఉద్యోగం చేసే కోడలు ఎలా సాకిందో చదివి దేశం కదిలిపోయింది, పదిలక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. పరిశోధకులు ఆ తర్వాతే మేలుకున్నారు. పెద్దకొడుకు భార్య అత్తమామలకు చేసే సేవను సంప్రదాయమన్నారు గానీ, దానికి ఆమె ఎన్నేళ్లు, ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందో ఎవరూ లెక్కకట్టలేదు. నారా ప్రాంతంలో, ఇంకా ఎన్నోచోట్ల ముసలివాళ్లు హఠాత్తుగా పోవాలని మొక్కుకునే గుళ్లున్నాయి. కాలూచెయ్యీ ఆడుతుండగానే దాటిపోవాలని మన పెద్దవాళ్లు అనుకున్నట్టే. జాన్ ట్రాఫగన్ ఉత్తర జపాన్ పల్లెలో గమనించింది ఇంకొకటి. అక్కడి వృద్ధులు మతి తప్పడాన్ని జబ్బుగానే కాక, చురుగ్గా ఉండని మనిషి తప్పుగా చూస్తారు. ఒకరికి భారమవుతామన్న భయం అంత లోతుకు దిగింది.

1983లో హిగుచి కెయికో వంటివారు స్త్రీల సంఘం పెట్టి, వృద్ధుల సేవ కోడలి పని కాదు, సమాజం పని అన్నారు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన సంరక్షణ బీమాలో వాళ్ల ముద్ర ఉంది. నలభై దాటిన ప్రతివారూ ప్రీమియం కట్టాలి, సగం ఖర్చు పన్నుల నుంచి. అవసరాన్ని అంచనా వేసి ఏడు మెట్లలో పెడతారు. దీని రూపకల్పనలో ఒక గట్టి నిర్ణయం ఉంది. జర్మనీలోలాగ కుటుంబానికి నగదు ఇవ్వరు, మనిషిని పంపుతారు, లేదా పగటి కేంద్రానికి తీసుకెళతారు. నగదు ఇస్తే ఆ డబ్బు చూపించి కోడలిని మళ్లీ మంచానికి కట్టేస్తారని ఆ స్త్రీలు వాదించారు, గెలిచారు. యాభై ఏళ్లలో జపాన్ సంక్షేమరంగంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం నాకు కనబడలేదు. ఐనా తల్లిదండ్రుల కోసం ఏటా దాదాపు లక్షమంది ఉద్యోగాలు వదులుకుంటూనే ఉన్నారు, వాళ్లలో స్త్రీలే ఎక్కువ.

కుమమోతో తీరంలోని మినమాత పట్టణం కథ లేకుండా ఈ సమీక్ష రాయడం అన్యాయం. 1956 మే 1న చిస్సో ఎరువుల కంపెనీ ఆసుపత్రి ఒక వింత నరాల జబ్బును అధికారులకు తెలిపింది. పిల్లులు వణుకుతూ సముద్రంలో పడి చస్తున్నాయి, బెస్తవాళ్ల పిల్లలకు నడక, మాట పోతున్నాయి. 1959లో కంపెనీ డాక్టరు హొసొకవ హజిమె ఫ్యాక్టరీ వ్యర్థాన్ని పిల్లికి తినిపించి అదే జబ్బు తెప్పించారు. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టలేదు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా ఈ జబ్బు తెచ్చిందని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968 సెప్టెంబరులో. ఆ మధ్య ఏళ్లలో జబ్బుపడ్డ ఇళ్లను ఊరు వెలివేసింది, అంటువ్యాధి అనుకుని. తర్వాత పరిహారం అడిగినందుకూ వెలివేసింది, ఊరి కూడు కంపెనీది కనుక.

యువ డాక్టరు హరాద మసాజుమి ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములను చూశారు. ఇద్దరి లక్షణాలూ ఒకటే. పెద్దవాడిది మినమాత జబ్బు, చిన్నవాడిది పుట్టుకతో వచ్చిన లోపం అని డాక్టర్లు తేల్చారు, వాడు చేపలు తినలేదు కనుక. చేపలు నేను తిన్నాను, నా కడుపులో ఉన్నప్పుడే వీడికి వచ్చింది అని తల్లి చెప్పింది. మాయను దాటి విషం బిడ్డకు చేరదని అప్పటి వైద్యశాస్త్రం. హరాద ఆ తల్లినే నమ్మారు. 1962లో గర్భంలోనే వచ్చే మినమాత జబ్బు గుర్తింపు పొందింది. అక్కడి తల్లులు బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. తర్వాతి కాలంలో ఆ తాళ్లను పరీక్షిస్తే, ఏ ఏడు పుట్టిన బిడ్డలో ఎంత పాదరసం ఉందో తేలింది. ఆచారం సాక్ష్యమైన అరుదైన సందర్భమది. ఇషిమురె మిచికో అనే గృహిణి 1969లో రోగుల గొంతుతో పుస్తకం రాశారు. 1976 నుంచి సమాజశాస్త్రవేత్త త్సురుమి కజుకో, చరిత్రకారుడు ఇరొకవ దయికిచి బృందం అక్కడికి వెళ్లి పరిశోధించింది. జిల్లా ప్రభుత్వాన్నీ దేశ ప్రభుత్వాన్నీ బాధ్యులుగా సుప్రీంకోర్టు తేల్చింది 2004లో. రోగులుగా అధికారిక గుర్తింపు పొందినవాళ్లు కుమమోతో, కగొషిమా జిల్లాల్లో 2,200 మందికి పైగా, పొందనివాళ్లు దానికి ఎన్నో రెట్లు. ఎవరు రోగి అన్నదాన్ని డాక్టర్ల సంఘం కూర్చుని తేల్చడం ఎంత రాజకీయమో మినమాత చదివితే తెలుస్తుంది.

అదే ప్రశ్నను ఆఫీసుల్లోకి తీసుకెళ్లినవారు మానవశాస్త్రవేత్త జుంకో కితనక. 1998 నుంచి 2011 దాకా జపాన్‌లో ఏటా 30,000 మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారు. 1991లో దెంత్సు అనే ప్రకటనల సంస్థలో 24 ఏళ్ల ఉద్యోగి పనిభారంతో ప్రాణం తీసుకుంటే, 2000లో సుప్రీంకోర్టు సంస్థదే బాధ్యత అంది. డిప్రెషన్‌ను మనసుకు పట్టిన జలుబుగా ప్రచారం చేస్తూ మందుల కంపెనీలు కొత్త గోలీలు తెచ్చిందీ అప్పుడే. సమాజం తెచ్చిపెట్టిన బాధను జబ్బుగా మారిస్తే కారకులు తప్పించుకుంటారని మేధావులు సాధారణంగా అంటారు. జపాన్‌లో తలకిందులైందని కితనక 2012 పుస్తకం చూపింది. కుంగుబాటు జబ్బు అని ఒప్పుకున్నాకే కంపెనీ బాధ్యతను కోర్టులో నిరూపించడం వీలైంది. కానీ ఆ దారి జీతమున్న మగవాళ్లకే తెరుచుకుంది. ఇంట్లో నలిగే స్త్రీ కుంగుబాటుకు యజమాని లేడు, లెక్కించడానికి ఓవర్‌టైమ్ గంటలు లేవు. ఆమె బాధ డాక్టరు గదిలోనే ఆగిపోయింది. ఆ అధ్యాయం ఇంకా పెద్దదైతే బాగుండేది.

ఇప్పుడు 65 దాటినవాళ్లు జనాభాలో 29 శాతం. నూరేళ్లు దాటినవాళ్లు 1963లో 153 మంది, 2024లో 95,000 పైచిలుకు, వాళ్లలో 88 శాతం స్త్రీలు. సంరక్షణ కార్మికులు 2040 నాటికి ఇంకో 5,70,000 మంది కావాలని ప్రభుత్వం అంచనా వేసింది. రోబోలు ఈ లోటు తీరుస్తాయన్న ఆశను జేమ్స్ రైట్ 2023 పుస్తకం చల్లార్చింది. కనగవాలోని ఒక వృద్ధాశ్రమంలో ఆయన నెలల తరబడి ఉండి చూశారు. మనుషుల్ని ఎత్తే యంత్రం, సీల్ బొమ్మ, మాట్లాడే మరమనిషి వచ్చాక సిబ్బంది పని తగ్గలేదు, పెరిగింది. వాటిని తోయాలి, తుడవాలి, కాపలా కాయాలి. ముసలివాళ్లను తాకుతూ, పలకరిస్తూ చేసే పనిలో ఉన్న నేర్పుకు మాత్రం విలువ తగ్గింది.

కాబట్టి మనుషులే రావాలి. ఇండోనేసియా నుంచి 2008లో, ఫిలిప్పీన్స్ నుంచి 2009లో, వియత్నాం నుంచి 2014లో ఒప్పందాల కింద సంరక్షకులు వెళ్లడం మొదలైంది. 2021 జనవరిలో భారతదేశం నైపుణ్య కార్మికుల ఒప్పందం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన యువతకు జపనీస్ నేర్పించి అక్కడి ఉద్యోగాలకు పంపుతోంది. జీతం ఇక్కడికంటే చాలా ఎక్కువ, వెళ్లడం తప్పు అని ఎవరూ అనలేరు. కానీ జపాన్ కోడలు యాభై ఏళ్లు పోరాడి దించుకున్న బరువును ఇప్పుడు మన పిల్లలు ఎత్తుకోబోతున్నారు. వీళ్ల రాత్రి డ్యూటీలు, భాష పరీక్షల ఒత్తిడి, నడుము నొప్పులు, ఇక్కడ మంచాన ఉన్న సొంత అమ్మానాన్నలను చూసుకునేది ఎవరన్న సంగతి జపాన్ పరిశోధకులు సగమే రాయగలరు. మిగతా సగం తెలుగు తెలిసినవాళ్లు, ఈ పిల్లల ఇళ్లకు వెళ్లి అడిగి రాయాల్సినది. మన విశ్వవిద్యాలయాల సమాజశాస్త్ర విభాగాలు ఆ పనిని మొదటి బృందాలు తిరిగి రాకముందే మొదలుపెట్టాలి.